తెరమీది చరిత్రయు, తావుల మార్పును

గడచిన అర్ధసంవత్సర పరీక్షలో తొమ్మిదవ తరగతి చరిత్ర పత్రమునందు "అల్లూరి సీతారామరాజును గూర్చి పది పంక్తులు వ్రాయుము" అను ప్రశ్న యొకటి యుండెను. ఒక విద్యార్థి చక్కని దస్తూరితో, ఒక్క అక్షరదోషమైనను లేకుండ, పది పంక్తులు వ్రాసెను. రాజుగారు ఢిల్లీలో పోలీసు ఉద్యోగియై యుండిరనియు, అచ్చట కొమురం భీముతో స్నేహము చేసిరనియు, ఇరువురును కలిసి ఆంగ్లేయ గవర్నరు సౌధమును కూల్చిరనియు అందులో నున్నది. పత్రమును దిద్దుచు నేను ఎఱ్ఱసిరా కలమును చాలసేపు చేత బట్టుకొని యూరకుంటిని. తప్పని గీత గీయుట సులభము. కాని యీ బాలుడు ఊహించి వ్రాసినవాడు కాడు. కన్నులార చూచినదానిని వ్రాసెను. వానికి పాఠ్యపుస్తకము చెప్పినదానికంటె వెండితెర చెప్పినది గట్టిగా మనసున నాటినది.

పత్రములు తిరిగి యిచ్చిన దినమున తరగతిలో పెద్ద వాదము జరిగెను. సినిమాలో చూపినది అబద్ధమైనచో ప్రభుత్వము వారేల ఊరకుందురని కొందఱును, సినిమా సినిమాయే, చరిత్ర చరిత్రయే యని కొందఱును పలికిరి. ఆసిఫాబాదు ప్రాంతమునుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొను బాలు డొకడు వెనుక బల్లమీద కూర్చుండి యుండెను. సాధారణముగా నోరు మెదపని వాడు. వాడు లేచి, "అయ్యా, భీము మా యడవిలో చనిపోయినాడు. మా తాతలు ఢిల్లీ పేరు ఎన్నడును చెప్పలేదు" అని పలికి కూర్చుండెను. తరగతి నిశ్శబ్దమయ్యెను. ఆ మాటయే యీ వ్యాసమునకు మూలము.

చరిత్రకథలను చూపు నాటకములను, చలనచిత్రములను ఎట్లు చూడవలెను? వానిలో ఎంత నమ్మవలెను? ఏ మార్పును క్షమింపవచ్చును, దేనిని దిద్దుకొనవలెను? ఈ విషయములను మన విద్యార్థులకును, వారితో కలిసి ఇంట టెలివిజను చూచుచుండు తల్లిదండ్రులకును విశదపఱుపవలెనని నా తలంపు.

మొదట నాటకకర్తకు గల స్వాతంత్ర్యమును ఒప్పుకొందము. శాసనము రాజు చేసిన దానమును చెప్పును గాని, ఆ దానము చేసిన యుదయమున ఆ రాజు ఏమి తలంచెనో చెప్పదు. తల్లి బిడ్డతో నాడిన మాటలు, స్నేహితుల పరిహాసములు, యుద్ధమునకు ముందు రాత్రి నిదురలేమి, ఇవియన్నియు కవి కల్పించుకొనవలసినవే. మన పల్లెలలో వీధిభాగవతము లాడువారు శ్రీకృష్ణుని చేత తెలుగున పాడించిరి. ఎవ్వరును తప్పు పట్టలేదు. కల్పన లేక నాటకము లేదు. కావున ప్రతి మార్పును దోషమని యెంచరాదు.

ఐనను మార్పులన్నియు నొకటి కావు. వానిని మూడు తరగతులుగా విభజింపవచ్చును. మొదటిది అలంకారపు మార్పు: వేషములు, భవనములు, వెనుక కనబడు కొండలు మొదలగునవి. రెండవది కాలపు మార్పు: వేఱువేఱు కాలములవారిని ఒక్కచోట చేర్చుట. మూడవది కారణపు మార్పు: ఒక కార్యము ఏల జరిగెనో, అన్యాయము చేసినవా రెవరో, దానిని మఱుగుపఱచుట. మొదటిది క్షమింపదగినది. రెండవది తెలిసి చూడదగినది. మూడవది తప్పక దిద్దుకొనవలసినది. ఉదాహరణములతో దీనిని పరిశీలింతము.

మనకు దూరమైన దేశపు కథతో ప్రారంభించిన మమకారము లేకుండ చూడవచ్చును. మైకేల్ హర్స్ట్ అను రచయిత సృష్టించిన "వైకింగులు" అను ఆంగ్ల టెలివిజను నాటకము 2013లో మొదలై 2020 వఱకు ఆఱు భాగములుగా వెలువడెను. మన పైతరగతుల విద్యార్థులలో పలువురు దానిని చూచియున్నారు. నార్వే, డెన్మార్కు, స్వీడను దేశములనుండి ఓడలపై వెడలి, 8వ శతాబ్దము చివరనుండి 11వ శతాబ్దము వఱకు ఐరోపా తీరములను దోచినవారును, వర్తకము చేసినవారును, క్రొత్త దీవులలో కాపురములు పెట్టినవారును వైకింగులు. వారి ఓడలను, ఇండ్లను, ఆయుధములను ఈ నాటకము శ్రద్ధతో చూపినది. కొమ్ములు గల శిరస్త్రాణములను వారికి తొడుగలేదు. ఆ కొమ్ముల టోపీలు నిజమైన వైకింగులు ధరించినవి కావు. 1876లో జర్మను సంగీతకర్త వాగ్నరు నాటకములకు చేసిన వేషములవలన ముఖ్యముగా వ్యాపించినవి. ఒక రంగస్థలపు అలంకారము దాదాపు 150 ఏండ్లుగా లోకమునకు చరిత్రయై కూర్చున్నది! దృశ్యమునకు గల బలము ఎట్టిదో దీనివలన తెలియగలదు.

ఇక భూగోళము. ఈ నాటకమున కథానాయకుని ఊరిపేరు కాటెగాట్. ఎత్తైన కొండల నడుమ, సముద్రపు పాయ యొడ్డున నున్న గ్రామముగా దానిని చూపిరి. కాని కాటెగాట్ అనునది గ్రామము కాదు. డెన్మార్కు స్వీడనుల నడుమ నున్న సముద్రభాగము. మన కొల్లేటిని కొండయంచున నుండు నొక పట్టణముగా చూపి, దాని సంతను, దాని వీధులను వర్ణించిన నెట్లుండునో ఇదియు నట్లే. స్వీడనులోని ఉప్సలా దేవాలయమును గూడ పర్వతములమీద చూపిరి. నిజమునకు ఆ తావు మైదానము. చిత్రీకరణము చాలవఱకు ఐర్లండులోని విక్లో ప్రాంతమున జరుగుటచే అచ్చటి కొండలే తెరమీద కనబడినవి. ఇవి అలంకారపు మార్పులు. పటము తెఱచి చూచినవాడు నవ్వుకొని సరిపెట్టుకొనవచ్చును.

కాలపు మార్పు ఇంతకంటె పెద్దది. ఇంగ్లండు ఈశాన్యతీరమునందలి లిండిస్‌ఫార్న్ అను దీవిలోని సన్న్యాసుల మఠమును వైకింగులు 793లో దోచిరి. నాటకములో ఈ దాడికి రాగ్నారును, అతని యన్న దమ్ములలో నొకడుగా చెప్పబడిన రోలోయు కలిసి పోయిరి. చరిత్రలోని రోలో ఫ్రాంకుల రాజగు చార్లెసు వలన సీన్ నదీముఖమున భూమిని పొందినది 911లో. నడుమ 118 ఏండ్లు! 793లో ఇరువదియేండ్లవాడనుకొన్నను, భూమి పొందునాటికి అతనికి 138 ఏండ్లుండవలెను. అట్టి రెండు తరములను కలిపి అన్నదమ్ములుగా చేసినది చరిత్ర కాదు, నాటకము యొక్క అక్కఱ. కూడికలు, తీసివేతలు నేర్చిన బాలుడెవడైనను దీనిని కనుగొనగలడు.

కారణపు మార్పును గూడ అందే చూడవచ్చును. పడమట దేశములున్నవని వైకింగు లెఱుగరనియు, రాగ్నారు తన ధైర్యముచేతను, ఒక సూర్యశిల సహాయముచేతను వానిని క్రొత్తగా కనుగొనెననియు నాటకము చెప్పును. కాని 793కు కొలది యేండ్లు ముందే ఉత్తరదేశీయుల మూడు ఓడలు ఇంగ్లండు దక్షిణతీరమునకు వచ్చి, అచ్చటి రాజోద్యోగిని చంపినట్లు ఆ దేశపు ప్రాచీన వార్షికచరిత్ర చెప్పుచున్నది. అనగా వారికి దారి ముందే తెలియును. ఒక జాతి కూడబెట్టిన నౌకాజ్ఞానమును నాటకము ఒక్క వీరుని సాహసముగా మార్చినది. ఇట్లు మార్చినప్పుడు మనము ఒక వీరుని సంపాదించుకొందుము గాని, ఓడలు కట్టిన వడ్రంగులను, తెరచాపలు నేసిన స్త్రీలను, గాలిని చదివిన నావికులను పోగొట్టుకొందుము.

ఇప్పుడు మన యింటికి వత్తము. పరాయివారి తప్పులను లెక్కించుట సుఖము; మనవానిని లెక్కించునప్పుడే పరీక్ష.

2017 జనవరిలో "గౌతమీపుత్ర శాతకర్ణి" అను తెలుగు చలనచిత్రము విడుదలయ్యెను. దాని యుద్ధములు కొన్ని కాకసస్ పర్వతముల దేశమగు జార్జియాలోను, కొన్ని దృశ్యములు ఆఫ్రికాలోని మొరాకోలోను చిత్రింపబడెను. దక్కను పీఠభూమిలో నట్టి మంచుకొండలు లేవు. ఇది మొదటి తరగతి మార్పు, పోనిండు. కడపటి యుద్ధములో శాతకర్ణి డెమెట్రియస్ అను గ్రీకు ప్రభువును ఎదుర్కొనును. బాక్ట్రియాను ఏలిన డెమెట్రియస్ క్రీస్తుకు పూర్వము 200 ప్రాంతమువాడు. శాతకర్ణి క్రీస్తు తరువాత 1వ శతాబ్దపు చివరనో 2వ శతాబ్దపు మొదటనో పాలించినవాడు. ఇద్దఱి నడుమ ఇంచుమించు మూడు శతాబ్దములు గలవు. మనకును, మన తాతముత్తాతల ముత్తాతలకును నడుమ నున్న దూరమంతటిది.

ఐనను ఈ కల్పనకు విత్తనము చరిత్రలోనే గలదు. శాతకర్ణి తల్లియైన గౌతమీ బాలశ్రీ తన మనుమడు పులుమావి యేలుబడి 19వ సంవత్సరమున నాసికు గుహలో నొక శాసనము వ్రాయించెను. అందు తన కుమారుడు శకులను, యవనులను, పహ్లవులను అణచినవాడని కొనియాడెను. యవనుల మాట శాసనమున నున్నది. డెమెట్రియస్ పేరు లేదు. చిత్రకారులు మాటను పట్టుకొని మనుష్యుని కల్పించిరి.

ఆ శాసనములోని భూగోళమును మన విద్యార్థులు శ్రద్ధగా చదువదగును. ఆ రాజు ఏలిన దేశముల పట్టికలో ములకము, సురాష్ట్రము, అపరాంతము, అనూపము, విదర్భ, ఆకరావంతి మొదలగు పేర్లున్నవి. ఇవి నేటి మహారాష్ట్ర, గుజరాతు, మధ్యప్రదేశ్ భాగములు. కృష్ణాముఖమున నున్న మన తీరదేశము పేరు ఆ దేశముల పట్టికలో కానరాదు. ఆయన ప్రభువుగా నుండిన పర్వతముల పట్టికలో మాత్రము తూర్పుకనుమల మహేంద్రగిరి పేరున్నది. తెలుగువారమైన మనకు శాతకర్ణి మనవాడని చెప్పుకొనుట యిష్టము. ఆ యిష్టము తప్పు కాదు. కాని శాసనము ఏమి చెప్పినదో, ఏమి చెప్పలేదో రెండును తెలిసియుండి ఇష్టపడుట వేఱు, తెలియక ఇష్టపడుట వేఱు.

ఆ రాజు గెలుపునకు నిదర్శనము కావలెనన్న అది కత్తులలో గాక నాణెములలో నున్నది. నాసికు జిల్లాలోని జోగల్‌తంబి అను గ్రామమున 1906లో ఒక నిధి దొరకెను. అందు క్షహరాత ప్రభువగు నహపానుని వెండినాణెములు 13,250 ఉండెను. వానిలో 9,000కు పైగా నాణెములపై శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించెను. ఓడిన రాజు ముఖముమీద గెలిచిన రాజు గుర్తు! అంగడిలో ఉప్పు కొనుటకు పోయిన సామాన్యునకు సయితము రాజ్యము మాఱినదని చేతిలోని నాణెమే చెప్పినది. ఇంతటి నాటకము ఏ తెరమీద గలదు?

ఇక మన పరీక్షాపత్రమునకు వత్తము. 2022 మార్చిలో విడుదలయిన "ఆర్.ఆర్.ఆర్." అను చిత్రము లోకప్రసిద్ధమయ్యెను. 2023లో దాని పాట యొకటి ఆస్కారు బహుమానమును గూడ పొందెను. ఆ పాట ఢిల్లీలో జరిగినట్లు కథ. చిత్రీకరణము 2021 ఆగస్టులో ఉక్రెయిను రాజధాని కీవ్‌లోని రాజసౌధము ఎదుట జరిగెను. ఇది అలంకారము, ఎవ్వరికిని నష్టము లేదు. ఈ కథ కల్పితమని చిత్రకర్తలే చెప్పిరి. ఇరువురు వీరులును ఎన్నడును కలిసికొనలేదని వారెఱుగుదురు. కావున వారు మోసము చేసిరని అనరాదు. చూచుటలో మనము చేయు పొరపాటును మాత్రము మనము విచారింపవలెను.

చరిత్రలో జరిగినది యిది. అల్లూరి సీతారామరాజు పోరాడినది ఢిల్లీలో కాదు. నాటి మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము, గోదావరి ఏజెన్సీ అడవులలో. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము కొండవారి పోడు వ్యవసాయమునకు అడ్డువచ్చెను. తరతరములుగా విత్తుకొనుచుండిన కొండవాలులు ఒక్కసారిగా సర్కారువయ్యెను. పైగా రోడ్డుపనులకు వారిని వెట్టికి పట్టుచుండిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనులమీద రాజుగారి దళము వరుసగా పడి తుపాకులను కొనిపోయెను. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయన కాల్చి చంపబడెను.

కొమురం భీము జన్మించినది 1901లో, నిజాము రాజ్యములోని ఆసిఫాబాదు అడవులలో. భూమి తగవులో ఊరు విడిచి, అస్సాము తేయాకు తోటలలో పనిచేసి, మరల తన కొండలకు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. అడవి హద్దులు గీచిన ఉద్యోగులు గోండులను, కొలాములను వారి పల్లెలనుండి లేచిపొమ్మనిరి, ఇండ్లను కాల్చిరి. భీము మొదట అర్జీలు పెట్టుకొనెను. ఫలము లేకపోగా జోడేఘాట్ పరిసరముల జనులను కూడగట్టి ఎదిరించెను. 1940లో నిజాము ప్రభుత్వపు పోలీసుల కాల్పులలో జోడేఘాట్ వద్ద తన సహచరులతో కూడ మరణించెను. ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు అచ్చట ఆయన వర్ధంతిని జరుపుచున్నారు.

రెండు జీవితములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకరిది ఆంగ్లేయుల రాజధాని, ఒకరిది నిజాము రాజ్యము. ఒకరు 1924లో గతించిరి, ఒకరు 1940లో. వీరిని కలిపినది స్నేహము కాదు, అడవి. ఇద్దఱి కథలకును మూలమైన ప్రశ్న యొక్కటే: తరతరములుగా దున్నుకొన్న నేల ఎవరిది? చిత్రములో ఈ ప్రశ్న స్థానమున మఱొక కారణము వచ్చి చేరినది. ఆంగ్లేయ గవర్నరు భార్య ఒక గోండు బాలికను తీసికొనిపోవుటయు, ఆ బిడ్డకై భీము ఢిల్లీకి పోవుటయు కథ. బిడ్డను దొంగిలించుట ఘోరమైన అన్యాయమే. చూచువారి హృదయము కరగును. కాని బిడ్డ తిరిగివచ్చిన వెంటనే ఆ యన్యాయము తీఱిపోవును. నేల పోయిన యన్యాయము అట్లు తీఱునది కాదు.

ఇంకొక సంగతి. చిత్రములో నిజాము పక్షపు ఉద్యోగి యొకడు ఢిల్లీకి వచ్చి, గోండుల కాపరి వచ్చుచున్నాడు, జాగ్రత్త యని ఆంగ్లేయులను హెచ్చరించి పోవును. చరిత్రలో భీముమీదికి పోలీసులను పంపినది ఆ నిజాము ప్రభుత్వమే. వారి కచేరీలు ఢిల్లీలో లేవు. హుసేనుసాగరమునకు ఆవలి యొడ్డున, మన యూరి ప్రక్కనున్న హైదరాబాదులోనే యుండెను. సికిందరాబాదు ఆనాడు ఆంగ్లేయ సైన్యము దిగిన దండుప్రదేశము. 1806లో సికందర్ జా పేరు పెట్టుకొన్న యీ యూరు, నిజాము రాజ్యమునకును ఆంగ్లేయులకును గల మైత్రికి గుర్తుగా నుండెను. అనగా భీము కథలో మనము దూరమున కూర్చుండి చూచువారము కాము. ఆ యుత్తరువులు బయలుదేఱిన దిక్కున నివసించువారము. తావు ఢిల్లీకి మాఱగానే అపరాధము పరాయివాని మీదికి పోయినది. మన రాజ్యములో, మన భాషలు మాటలాడు ఉద్యోగుల చేతులమీదుగా జరిగిన అన్యాయము మఱుగుపడినది. తావు మాఱిన కారణము మాఱును. కారణము మాఱిన బాధ్యుడు మాఱును. నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

భీము మరణము తరువాత జరిగినదియు మన పాఠశాలవంటి చోట చెప్పదగినది. గోండుల యసంతృప్తికి కారణము లేమో విచారించుటకు నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడగు హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని వినియోగించెను. ఆయన మార్లవాయి గ్రామమున గోండుల నడుమ నివసించి, వారి భాషను నేర్చి, నేలపట్టాలు ఇయ్యవలెనని చెప్పెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణము మొదలయ్యెను. గోండీభాషలో వాచకములు సిద్ధమయ్యెను. తుపాకి మ్రోగిన మూడేండ్లకు పలక బలపము వచ్చినవి. జోడేఘాట్ ఢిల్లీ యైనచో ఈ మార్లవాయి బడికి కథలో చోటెక్కడ?

తావును విడువక తీసిన చిత్రములును మనకు గలవని చెప్పుట న్యాయము. 1974లో విడుదలయిన "అల్లూరి సీతారామరాజు" చిత్రమును చింతపల్లి అడవి ప్రాంతమునకే పోయి తీసిరి. అందును కల్పన గలదు, పాటలును గలవు. కాని కొండయు, పోడును, వెట్టియు తెరమీద నిలిచినవి. అల్లాణి శ్రీధరు తీసిన "కొమరం భీం" చిత్రము 1990లో సిద్ధమైనను, 2010లో గాని ప్రదర్శనకు రాలేదు. ఇరువది సంవత్సరములు పెట్టెలో నుండెను. చిత్రకర్తలకు ధనము వలెనే ప్రేక్షకుల యాదరమును కావలెను. మనము దేనిని చూతుమో అదియే మరల తీయుదురు. కావున తప్పు వారియందే యున్నదని చెప్పి మనము తప్పించుకొనరాదు.

"చరిత్ర గ్రంథములు మాత్రము తప్పులు వ్రాయవా?" అని కొందఱు విద్యార్థులు అడిగిరి. మంచి ప్రశ్న. వ్రాయును. రాణి రుద్రమదేవిని చూడుడు. మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో, ఆమెను గతించిన రాజు భార్యయని చెప్పెను. నిజమునకు ఆమె గణపతిదేవుని కుమార్తె. విదేశీయుని పొరపాటు సరే; మన చరిత్రకారులును ఆమె పాలనము 1295 ప్రాంతము వఱకు సాగినదని చాలకాలము వ్రాసిరి. తరువాత 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున నల్లగొండ జిల్లా నకిరేకల్లు దగ్గఱనున్న చందుపట్ల గ్రామములోని శాసనము వెలుగులోనికి వచ్చెను. దాని తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవియు, ఆమె సేనానియగు మల్లికార్జుననాయకుడును శివలోకమునకు పోయిరనియు, వారి పుణ్యముకొఱకు సోమనాథదేవునకు భూమి నిచ్చితిననియు పువ్వుల ముమ్మడి అను సేవకుడు అందు వ్రాయించెను. ఒక్క రాతితో పుస్తకములలోని సంవత్సరములు మాఱినవి. రాణియు సేనానియు ఒక్కసారి గతించుటచే, కాయస్థ అంబదేవుని తిరుగుబాటు నణచుటకై పోయి యుద్ధభూమిలోనే మరణించిరని చరిత్రకారులు తలంచుచున్నారు.

2015లో వచ్చిన "రుద్రమదేవి" చిత్రము ఆమె యౌవనమును, పట్టాభిషేకమును ప్రధానముగా చూపెను. కాని మనుమడు పెద్దవాడైన వయస్సున, దాదాపు ఇరువదియేడేండ్లు పాలించిన పిమ్మట, సైన్యముతో కదలిన వృద్ధరాణి చిత్రము మన మనస్సులలో లేదు. ఆమెకు పెద్ద స్మారకమును నిలిపినవాడు చక్రవర్తి కాడు. పేరు చివర బిరుదులు లేని యొక సేవకుడు. కల్పనకంటె ఈ సత్యము చప్పగా నున్నదా?

చరిత్రకును నాటకమునకును గల భేద మిదియే. చరిత్రయు తప్పు చేయును. కాని క్రొత్త రాయి దొరకిన దినమున తన తప్పును తానే దిద్దుకొనును. నాటకము దిద్దుకొనదు, దాని కా యవసరము లేదు. కావున దిద్దుకొను పని చూచువానిది.

విద్యార్థులారా, చరిత్రనాటకము చూచి యింటికి వచ్చిన రాత్రి మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఒకటి: వీరు ఏ యేండ్లలో జీవించిరి? రెండు తేదీలు వ్రాసి తీసివేత చేయుడు. రెండు: ఇది ఎచ్చట జరిగినది? పటము తెఱచి ఆ యూరిమీద వ్రేలు పెట్టుడు. మూడు: ఇది ఏల జరిగినది? ఆ తావున నివసించినవారు చెప్పు కారణమును, తెర చెప్పిన కారణమును పోల్చుడు. ఈ మూడింటికిని పావుగంటకంటె నెక్కువ పట్టదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పిల్లలను సినిమాలు చూడవలదని కోపించినందున లాభము లేదు. వారితో కలిసి చూడుడు. పిమ్మట ఆ తావునకు తీసికొనిపొండు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాల మన కెంతయో దూరము లేదు. పాతకాలపు నాణెము లచ్చట చూడవచ్చును. విజయవాడ మార్గమున పోవునప్పుడు నకిరేకల్లు వద్ద ఒక్కగడియ దారి మఱలిన చందుపట్ల చేరవచ్చును. కాగజ్‌నగరు దారిని పోవు రైలెక్కి ఆసిఫాబాదు రోడ్డు స్టేషనులో దిగినవారికి జోడేఘాట్ అడవియు, అచ్చటి స్మారకమును, ప్రదర్శనశాలయు చూచు భాగ్యము కలుగును.

పరీక్షలో తప్పు వ్రాసిన బాలునికి నేను మార్కులు తగ్గించితిని, అది తప్పదు. కాని మరల వ్రాసి తెమ్మని చెప్పితిని. మఱునాడు వాడు పది పంక్తులు వ్రాసి తెచ్చెను. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి మూడును వరుసగా నున్నవి. తరగతి గోడమీది పటములో జోడేఘాట్ పేరు లేదు. వెనుక బల్లమీది బాలుడు పెన్సిలు తెచ్చి, ఆసిఫాబాదునకు పడమటగా ఒక చిన్న చుక్క పెట్టి, ప్రక్కన ఆ పేరు వ్రాసెను. గోడపటములమీద విద్యార్థులు వ్రాయరాదని మన పాఠశాలలో నియమము గలదు. ఆ చుక్కను చెఱపవలదని నేను ప్రధానోపాధ్యాయులవారిని వేడుకొనగా వా రంగీకరించిరి.